మసిగుడ్డ

పొయ్యి మీది గిన్నె దించుకునే పేలికను మనం మసిగుడ్డ అంటాం. ఇంట్లో దానికంటె హీనమైన గుడ్డ లేదు. పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దీవుల్లో మాత్రం ‘మసి’ అంటే పెళ్ళికూతురు కట్టే బట్ట! మాటల పోలిక కాకతాళీయమే గాని, సువా నగరంలోని ఫిజీ మ్యూజియంలో ఆ పేరు వినగానే నాకు నవ్వాగలేదు.

ఈ బట్టకు మగ్గం లేదు, నూలు లేదు. మల్బరీ జాతికి చెందిన లేత చెట్టు బెరడు ఒలిచి, లోపలి నారను గీకి, నానబెట్టి, దుంగ మీద పరిచి, కొయ్యతో బాదుతారు. బాదినకొద్దీ అప్పడంలా సాగుతుంది. పొరమీద పొర వేసి కొడితే రెండూ ఒకటైపోతాయి. పెద్ద బట్ట కావాలంటే అంచులు గంజితో అతికిస్తారు. ఇదంతా ఆడవాళ్ళ పని. తరువాత ఆకుల్లో కత్తిరించిన అచ్చులు పెట్టి ఎర్రమన్నూ, నల్లమసీ అద్దుతారు. (నలుపు నిజంగా మసే సుమండీ!) ఇప్పుడు ఆకులకు బదులు పాత ఎక్స్‌రే ఫిల్ములు వాడేవారూ ఉన్నారు. ఎవరి విరిగిన ఎముకో పెళ్ళిబట్ట మీద చుక్కలు పెడుతున్నదన్నమాట!

నారచీర అనగానే మనకు రాముడి వనవాసం గుర్తొచ్చి కళ్ళు చెమరుస్తాయి. వీళ్ళకు నార శుభకార్యం. చాకలికి వెయ్యడానికి లేదు గాని, అంతకు మించి లోపం నాకు కనబడలేదు.

మాకు ఆతిథ్యమిచ్చిన పెద్దావిడ కూడా వెంట వచ్చారు. ఆమె నాయనమ్మ 1911లో విశాఖ జిల్లా పల్లె నుంచి మద్రాసు చేరి, ఓడెక్కి, ఇక్కడి చెరకుతోటల్లో కూలికి దిగిందట. 1903 నుంచి 1916 దాకా దక్షిణాది వాళ్ళు వేలమంది అలా కట్టుబడి వచ్చినవారే.

“ఆవిడ కట్టుకొచ్చిన చీర ఏదైనా ఉందా పిన్నిగారూ?” అన్నాను.

“ఎందుకుంటాదమ్మా! చిరిగేదాకా కట్టింది. తరవాత బొంత కుట్టింది. తమ్ముడికి ఉయ్యాలేసింది. ఆఖరికి మసిగుడ్డయిపోనాది. ఎర్రంచు ముక్క పొయ్యికాడ నాను సూసినాను.”

అద్దాల వెనక మసిబట్టను చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. నేను మరేమీ అడగలేదు.

ఇంటికి వచ్చాక ట్రంకుపెట్టె తెరిచారు. కూతురి పెళ్ళికి పొరుగింటి ఫిజీ ఆవిడ తెచ్చిపెట్టిన మసి, తెల్లగుడ్డలో చుట్టి, అన్నిటికంటె పైన ఉంది. ఆత్రంగా చెయ్యి చాచాను.

“ఆగమ్మా,” అని తువ్వాలు అందించారు. “సెయ్యి తుడుసుకుని ముట్టుకో.”