సాయంత్రం సైరన్

లాలాగూడలో కాపురం పెట్టిన కొత్తలో మాకు గడియారంతో పనే ఉండేది కాదు. నిజాం రైల్వే రోజుల్లో, 1893లో పెట్టిన వర్క్‌షాపు మా క్వార్టర్సుకి కూతవేటు దూరం. పొద్దున సైరన్ మోగితే ఆయనకి క్యారేజీ సర్దాలి, సాయంత్రం మోగితే కాఫీకి నీళ్లు పడెయ్యాలి. పల్లెటూరిదాన్ని, ఆ మోతకి నా గుండె రోజూ ఝల్లుమనేది.

1988లో పాప పుట్టింది. తొమ్మిదో నెల వచ్చేసరికి, సాయంత్రం సైరన్ మోగడం ఆలస్యం, ఒళ్లోంచి గింజుకుంటూ కేకలు పెట్టేది. "పిచ్చితల్లి, జడుసుకుంటోంది" అని నేనే తేల్చేసి, వీధితలుపు మూసి వెనక గదిలోకి ఎత్తుకుపోయేదాన్ని. అప్పుడు అందుకునేది చూడండి, ఏడుపు! అత్తగారు ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీశారు. పక్కవాటా పిన్నిగారు గ్రైప్‌వాటర్ పట్టమన్నారు. ఒకరోజు విసుగెత్తి, "నన్ను సాధించడానికే పుట్టావే!" అంటూ ఆ చంటిదాని వీపుమీద ఒక్కటి వేశాను. ఏడుపాపి నా మొహంలోకి చూసింది. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

మర్నాడు చేతులు పిండిలో ఉండి తలుపు మూయలేదు. సైరన్ మోగింది. పాప గబగబా పాకుతూ గడప దగ్గరికెళ్లి, వీధికేసి చూస్తూ కూర్చుంది. కిక్కురుమనలేదు! కాసేపటికి ఆయన సైకిల్ బెల్లు వినబడగానే రెండు చేతులూ ఎత్తేసింది.

భయం నాదన్నమాట. దానికి ఆ మోత, నాన్న వస్తున్నాడన్న కబురు. నేనేమో సరిగ్గా ఆ వేళకే తలుపు మూసేదాన్ని!

ఎలిజబెత్ మీన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తోటివారూ 2001లో ప్రచురించిన పరిశోధన గురించి ఈమధ్య చదివాను. ఆరు నెలల బిడ్డని ఆడిస్తూ తల్లులు అనే మాటల్ని వాళ్లు పరిశీలించారు. "బొమ్మ నచ్చిందా? విసుగొచ్చిందా?" అంటూ బిడ్డ మనసుకి సరిపోయేలా మాట్లాడిన తల్లుల పిల్లలకి, ఏడాది నిండేసరికి తల్లిమీద భరోసా ఎక్కువగా కనబడిందట. ఊరికే మనసు గురించి మాట్లాడితే చాలదు, మాట సరిపోవాలి. నా "జడుసుకుంటోంది" ఆ లెక్కలోకి రాదు!

ఇప్పుడు ఆ పాపే తన చంటిదాన్ని ఒళ్లో వేసుకుని, "ఎందుకేడుస్తోందమ్మా?" అని నన్నడుగుతుంది.

"నన్నడుగుతావేమే, దాన్నే అడుగు" అంటాను. అని ఊరుకోను. లేచి వెళ్లి వీధితలుపు బార్లా తీసి వస్తాను.