ఎర్ర సిరా

అరకులోయలో కొన్నేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని. చలికాలం పొద్దుటిపూట పొగమంచు కూడా తరగతిలోకి వచ్చి పిల్లల పక్కన కూర్చునేది. అక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటి చెబుతాను, నవ్వకండేం!

ఏడో తరగతికి "మా ఇల్లు" అని వ్యాసం ఇచ్చాను. సంతలో బట్టలమ్మే సాయిబుగారి అమ్మాయి, నాన్న ఐదుపూటలా నమాజు చేస్తారని రాస్తూ ఇంగ్లీషు వాక్యంలో ఆ మాటను అలాగే పెట్టేసింది. ఎర్రసిరాతో కొట్టేసి 'ప్రేయర్' అన్నాను. రోజాని 'ఫాస్టింగ్', ఖుర్బానీని 'శాక్రిఫైస్' చేశాను. నా ఇంగ్లీషుకి నాకే ముచ్చటేసింది.

"ప్రేయరంటే దువా కూడా కదా టీచర్?" అంది ఆ పిల్ల మెల్లిగా.

దువా అంటే చేతులు చాపి మనసులోది అడుక్కోవడం, ఎప్పుడైనా సరే. నమాజుకి వేళలున్నాయి, ముందు వజూ చేసుకోవాలి, వంగాలి, నుదురు నేలకి ఆనించాలి. రెండూ ఒకటెలా అవుతాయి? "పరీక్షలో ఇలాగే రాయాలి" అని నోరు మూయించాను.

ఇక ఉపవాసం సంగతి. ఏకాదశినాడు మా అత్తగారు పాలూ పళ్లూ, ఓపిక లేకపోతే ఇంత ఉప్మా కూడా పుచ్చుకునేవారు. రోజాలో తెల్లవారకముందు నుంచి పొద్దుగుంకేదాకా మంచినీళ్లయినా ముట్టరు. ఇద్దర్నీ ఒకే ఇంగ్లీషు మాటలో కుక్కేశానన్నమాట!

నెల తిరక్కుండా "నాకిష్టమైన పండుగ" రాయమన్నాను. ఆ అమ్మాయి గైడులోంచి దీపావళి దింపేసింది. మతాబాలు, కాకరపువ్వొత్తులు, అన్నీ ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. నా గుండె కలుక్కుమంది. ఎర్రసిరా పడని పండుగని వెతుక్కుంది మరి.

ఆ కట్టలోనే ఇంకో కాగితం. కొండమీది ఊరి కుర్రాడు, చైత్రంలో మగాళ్లు వేటకెళ్లే తమ ఇటుకల పండుగని నా పద్ధతిలోనే తర్జుమా చేసి 'బ్రిక్ ఫెస్టివల్' అన్నాడు! పడీపడీ నవ్వాను. నవ్వాక సిగ్గేసింది.

సాయిబుగారిని అడిగితే, "నమాజూ, రోజా పారశీకం మాటలు టీచరమ్మగారూ. అరబ్బీలో సలాత్, సౌమ్ అంటారు" అన్నారు. అంటే ఆ మాటలు కూడా ఒకసారి భాష మారి వచ్చినవే! అయినా అవి అంత వాడుకపడి ఇంటిమాటలయ్యాయి. ఇంగ్లీషు నిఘంటువులోనూ హజ్, హలాల్ ఎప్పుడో చేరిపోయాయి. మన చిలుకూరి నారాయణరావుగారు ఖురానునే తెలుగు చేశారు, నాకేమో మూడు మాటలతోనే ముప్పుతిప్పలు.

మర్నాడు కాగితాలు తిరిగిచ్చేశాను. "మీ ఇంటిమాటని అలాగే ఉంచండి. అదేమిటో పక్కన ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పండి" అన్నాను.

ఆ అమ్మాయి ఖుర్బానీ గురించి రాసింది: మాంసం మూడు వాటాలు చేస్తాం, ఒకటి మాకు, ఒకటి బంధువులకి, ఒకటి లేనివాళ్లకి. నేను రాసిన 'శాక్రిఫైస్'లో ఆ మూడోవాటా ఎక్కడుందో మీరే చెప్పండి.

కుర్రాడు మాత్రం లేచి నిలబడి తల గోక్కున్నాడు. "వేట దొరక్కుండా ఉత్తచేతుల్తో వస్తే ఆడవాళ్లు మామీద పేడ కొడతారు టీచర్. అదీ రాయనా?"

ఆడపిల్లలంతా ఒక్క గొంతుతో "రాయమనండి టీచర్!" అని అరిచారు.

రాశాడు. స్పెల్లింగులు మాత్రం దిద్దాను, ఎర్రసిరాతోనే.