పాట ఉంది, మాట లేదు

ఏటా ఈ వార్షికోత్సవ సంచికలో మెస్సు కబుర్లు, పరీక్షల రాత్రులు రాసుకుంటాం. ఈసారి మేము చేసిన ఒక తప్పు రాస్తున్నాం. చదివిన వాళ్లు మళ్లీ అది చెయ్యకూడదని మా కోరిక.

మన్సూరాబాద్ హాస్టల్లో మాది నలుగురి గది. అందరమూ పీజీ చదువుతున్నాం. నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటి మనుషులం మేమే. మాలో ఒకరి నాయినమ్మ నిజామాబాద్ జిల్లాలో చిందు మేళంలో ఆడిన మనిషి. కిందటి దసరా సెలవులకు అందరం కలిసి ఆ ఊరికి పోయాం. ఆ మూడు రోజుల్లో ఆమె మా అందరికీ నాయినమ్మ అయింది.

చిందు యక్షగానం చూడని వారికి రెండు మాటలు. కథంతా పాటగా, పద్యంగా, దరువుగా నడుస్తుంది. మధ్యలో వచనం వస్తుంది. పాశ్చాత్యులు ఒపేరా అని గొప్పగా చెప్పుకునేదీ పాటతో నడిచే నాటకమే. కాకపోతే వాళ్లకు పెద్ద పెద్ద భవనాలు, మనవాళ్లకు ఊరి నడిమి నేల. చిందు మేళంలో ఆడవాళ్లు కూడా వేషం కడతారు. జాంబపురాణం చెప్పి మాదిగల పుట్టుపూర్వోత్తరాలు వినిపిస్తారు.

మొదటి రోజు నాయినమ్మను పాడమన్నాం. గొంతు వణికినా తాళం తప్పలేదు. ఫోన్లో రికార్డు చేశాం. రెండో రోజు "ఎట్ల బతికినవ్ నాయినమ్మా?" అని అడిగాం. రెండు గంటలు చెప్పింది. వేషాల పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరూరా నడిచిన సంగతి, ఆట అయినాక గింజల కోసం ఎదురు చూసిన సంగతి. "గజ్జె కట్టినంతసేపు దేవతని మొక్కిరు బిడ్డా. గజ్జె ఇప్పినంక వాకిట్ల కూసోనియ్యలె" అన్నది. నవ్వుతూనే అన్నది.

పరీక్షలు వచ్చాయి. నోట్సు ఫోటోలు తీసుకుందామంటే ఫోను నిండిపోయింది. పాటలు ఉంచుదాం, ఇవి ఉత్త మాటలే కదా అనుకుని ఆ రెండు గంటలూ తుడిచేశాం. సంక్రాంతికి పోయి మళ్లీ అడగవచ్చు అనుకున్నాం. సంక్రాంతి రాకముందే ఆమె పోయింది.

తర్వాత సెమినారు కోసం చదువుతుంటే మేరియన్ ఆండర్సన్ గురించి తెలిసింది. ఆమె 1897లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టిన నల్లజాతి గాయని. 1939లో వాషింగ్టన్‌లో ఒక పెద్ద హాలు తెల్లవారికే అని ఆమెను పాడనివ్వలేదు. ఆమె లింకన్ స్మారకం మెట్ల మీద నిలబడి పాడితే 75 వేల మంది విన్నారు. 1955లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో పాత్ర ధరించిన మొదటి నల్లజాతి గాయని ఆమే. 1957లో మన దేశానికి కూడా వచ్చి పాడింది. 1956లో అచ్చయిన ఆమె ఆత్మకథ కోసం హోవార్డ్ టాబ్‌మన్ అనే సంగీత విమర్శకుడు ఆమెను కూర్చోబెట్టి అడుగుతూ టేపుల మీదికి ఎక్కించాడు. ఆ టేపులను పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నేటికీ కాపాడుతున్నది. పాటల రికార్డులు ఉన్నాయి కదా, మాటలు ఎందుకని అక్కడ ఎవరూ తుడిచెయ్యలేదు.

అది చదివిన రాత్రి గదిలో ఎవరమూ మాట్లాడుకోలేదు.

మన దగ్గరా గొప్పవాళ్లు లేక కాదు. మన నిజామాబాద్ బిడ్డ చిందుల ఎల్లమ్మ 1999లో హంస పురస్కారం అందుకుని 2005లో కన్నుమూసింది. ఆమె చెప్పగా విని రాసిన జీవితకథ పుస్తకంగా వచ్చింది కాబట్టి ఆమె బతుకు మనకు మిగిలింది. జనగామ ప్రాంతపు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. కానీ పేరు రాని మేళాల ముసలివాళ్లను ఎవరు అడగాలి? వాళ్ల మనుమలం, చదువుకున్న వాళ్లం, మనమే కదా!

నాయినమ్మ చెప్పింది గుర్తున్నంత వరకు లాంగ్ నోట్‌బుక్కులో రాద్దామని కూర్చున్నాం. తొమ్మిది పేజీలు వచ్చింది. అందులోనే తగువులు. మొదటి వేషం ఏడేండ్లకు కట్టిందని ఇద్దరం, తొమ్మిదేండ్లకని ఇద్దరం. తీర్పు చెప్పగలిగిన గొంతును మేమే తుడిచేశాం. ఆ ఫోను ఎవరిది, ఆమె ఎవరి నాయినమ్మ అని మమ్మల్ని అడగకండి. తప్పు నలుగురిదీ.

మొన్నటి సెలవుల్లో ఆ ఊరికి మళ్లీ పోయాం. ఆమెతో ఆడిన ఇద్దరు ముసలివాళ్లు ఉన్నారు. ముందు వాళ్ల అనుమతి అడిగాం. పేరు, ఊరు, తేదీ మొదలే చెప్పించాం. పాట కంటే ముందు బతుకు అడిగాం. వచ్చిన రోజే మూడు చోట్ల కాపీలు పెట్టాం. మొదటి వేషం సంగతి అడిగితే ఒకాయన, "ఆమెకు తొమ్మిదేండ్లు. నేనే గజ్జె కట్టిన" అన్నాడు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ సెలవులకు ఇంటికి పోతున్నారు. మీ ఇంట్లోనూ ఒక నాయినమ్మో, తాతో ఉంటారు. ఫోన్లో కొంత జాగా ఖాళీ చేసుకుని పోండి.