మూడు పాయల జడ

ప్రత్తిపాడు ప్రాంతంలో పనిచేసిన రోజుల్లో, మిరప కళ్లాల కాలంలో ఒక వృద్ధురాలు చిగుళ్ల నుండి రక్తం కారుతోందని వచ్చింది. చిగుళ్ల వాపుగా భావించి మందులిచ్చి పంపాను. మూడు వారాల తరువాత ఆమె మళ్లీ వచ్చేనాటికి కాళ్లపై కమిలిన మచ్చలు, మానని పుండు కనిపించాయి. అప్పుడు గాని ఏమి తింటున్నావని అడగలేదు.

"ఒంటిదాన్ని, నాకు కూరెందుకు బాబూ? ఇంత కారప్పొడి, మజ్జిగ చాలు" అంది.

అది స్కర్వీ.

మన శరీరంలోని ప్రొటీన్లలో దాదాపు మూడోవంతు కొల్లాజెన్. చర్మం, ఎముకలు, రక్తనాళాల గోడలు, చిగుళ్లు దాని బలంతోనే నిలుస్తాయి. దాని నిర్మాణం మూడు పాయల జడ వంటిది. ఈ త్రిసర్పిల నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ఒక్కొక్క పాయలో సుమారు 1000 అమైనో ఆమ్లాలుంటాయి. ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ తిరిగి తిరిగి వస్తుంది. పాయలు కలిసే నడిమధ్య ఇరుకులో ఇమడగలిగేది అన్నింటిలోకి చిన్నదైన గ్లైసిన్ ఒక్కటే. ఆ చోట మరొకటి చేరితే జడ సరిగా బిగియదు. ఎముకలు పెళుసుబారే ఒక జన్యువ్యాధికి తరచుగా ఇదే కారణం.

మిగిలిన స్థానాలలో ప్రోలిన్ ఎక్కువ. దానికి ఒక హైడ్రాక్సిల్ సమూహం చేరితేనే జడ శరీరపు వేడికి విడిపోకుండా నిలుస్తుంది. ఆ పని చేసే ఎంజైముకు విటమిన్ సి కావాలి. అది కొరవడితే కొత్త కొల్లాజెన్ నిలవదు. చిగుళ్లు చెమరుస్తాయి, గాయాలు మానవు.

విటమిన్ సిని హంగేరీ శాస్త్రవేత్త సెంట్ గ్యోర్గీ విస్తారంగా వేరుచేసినది మిరపజాతి కాయల నుండే. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. పచ్చిమిర్చిలో అది పుష్కలం. కాని ఎండబెట్టి, దంచి, నిల్వచేసిన కారంలో చాలావరకు నశిస్తుంది. ఆమె ఇంటి చుట్టూ మిరప చేలే!

విటమిన్ సి మాత్రలు, రోజుకొక జామకాయ, మజ్జిగలో నిమ్మరసం. పది రోజుల్లో రక్తం ఆగింది. పుండు మెల్లగా మానింది.

మీ ఇంట్లోగాని, పొరుగునగాని ఒంటరిగా ఉన్న పెద్దలను "భోంచేశారా?" అని అడిగి ఊరుకోకండి. "ఏ కూరతో తిన్నారు?" అని కూడా అడగండి. నేను మూడు వారాలు ఆలస్యంగా అడిగిన ప్రశ్న అదే.