ఐదు వంతుల గడువు

పని ముగిసిన రాత్రుల్లో నేను కంప్యూటర్‌లో ‘సివిలైజేషన్ 6’ ఆడుతుంటాను. చదరంగంలో లాగే ఇందులోనూ వంతుల వారీగా ఎత్తు వేయాలి. పొరుగు రాజ్యంపై హఠాత్తుగా దండెత్తితే అపకీర్తి ఎక్కువ. ముందు బహిరంగంగా ఖండించి, ఐదు వంతులు ఆగి యుద్ధం ప్రకటిస్తే అది తగ్గుతుంది. ఆ గడువు రాజీ కోసమేనని మొదట్లో అనుకున్నాను. మొన్న మాత్రం ఆ ఐదు వంతుల్లో ఒక్క రాయబారమూ పంపలేదు. విలుకాండ్రను కొండ ఎక్కించాను, అశ్వదళాన్ని నది దాటించాను. గెలిచాక సిగ్గేసింది.

దౌత్యానికి దక్కిన గడువును సైన్యం వాడుకోవడం మన ఉపఖండానికి కొత్త కాదు. 1999 ఫిబ్రవరిలో వాజపేయి బస్సులో సరిహద్దు దాటి, లాహోర్‌లో నవాజ్ షరీఫ్‌తో కలిసి శాంతి ప్రకటనపై సంతకం చేశారు. మే నెలలో కార్గిల్ శిఖరాలపై చొరబాటు బయటపడింది. దాన్ని ద్రోహమని ఎన్నోసార్లు రాసినవాణ్ణి, ఆటలో అదే పని నిశ్చింతగా చేశాను.

ఆటలో ఓడితే, దాచుకున్న ఘట్టం నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. కార్గిల్‌లో 527 మంది భారత సైనికులు అమరులయ్యారు. అందుకే ఇప్పుడు ఏ దౌత్య ప్రకటన చేతికి వచ్చినా, అందులోని మాటలతో పాటు ఆ గడువులో ఎవరి దళాలు ఎటు కదులుతున్నాయో కూడా అడుగుతున్నాను.