కుశస్థలి వెంట: తిరువళ్లూరు నేలపై నేతల ఆనవాళ్లు

తమిళనాడు ఈశాన్య మూలలో కుశస్థలి నది సుమారు 136 కిలోమీటర్లు పారి, ఎన్నూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. తమిళులు దీన్ని కొసస్థలైయారు అంటారు. నదికి రెండు పాయలు. ఉత్తర పాయ చిత్తూరు కొండల్లో మొదలై పళ్లిపట్టు, నగరి పరిసరాల గుండా వస్తుంది. దక్షిణ పాయ కావేరిపాక్కం చెరువు మిగులు నీటిని తీసుకుని తక్కోలం వైపు నుంచి వస్తుంది. రెండూ పూండి దగ్గర ఒకటవుతాయి. ఈ పరీవాహక ప్రాంతంలో పుట్టినవారిలో, పోరాడినవారిలో, పాలించినవారిలో ఎక్కువ మందిని దహనం చేశారు. చితి చల్లారాక అస్థికలు నీళ్లలో కలుస్తాయి, సమాధి మిగలదు. అందువల్ల ఇక్కడ నేతల జ్ఞాపకం గుడిగా, పుట్టిన ఊరుగా, సరిహద్దు రేఖగా, జలాశయంగా, కాలువగా నిలిచింది. సమాధులు ఉన్నవి నది కడలిని చేరే చోట్లకు దగ్గరలోనే.

ఉత్తర పాయ మొదట తాకే పళ్లిపట్టు, నగరి ప్రాంతం నేటికీ తెలుగు, తమిళం కలగలిసి వినిపించే సీమ. కొద్ది దూరంలో తిరుత్తణి. మురుగన్ కొండ కింద ఉన్న ఈ పట్టణం పక్కగా పారే నంది ఏరు కుశస్థలికి ఉపనది. తిరుత్తణి ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీలోది. 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో, ఆ తర్వాత కొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్లి చెంగల్పట్టు జిల్లాలో చేరింది. 1997లో ఆ జిల్లాను విడదీసినప్పటి నుంచి తిరువళ్లూరు జిల్లాలో ఉంది.

ఇన్ని చేతులు మారిన ఈ ఊళ్లోనే 1888 సెప్టెంబరు 5న సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టారు. ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లి గ్రామానిది. చదువు తిరుత్తణిలో మొదలై తిరుపతి, వేలూరుల మీదుగా మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి సాగింది. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నారు. 1949లో సోవియట్ యూనియన్‌కు రాయబారిగా వెళ్లారు. 1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన ఉపరాష్ట్రపతిగా ఉన్న పదేళ్లలోనే ఆయన పుట్టిన ఊరు ఒకసారి ఆంధ్రలోకి వచ్చింది, మరోసారి మద్రాసులోకి పోయింది. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు. మైలాపూరులో ఆయన నివసించిన ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డు ఇప్పుడు డాక్టర్ రాధాకృష్ణన్ సాలై. ఆయన పుట్టినరోజును 1962 నుంచి దేశం ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటోంది.

తిరుత్తణి దగ్గరి వేలంజేరి చిన్న పల్లె. పల్లవ అపరాజితుడి తామ్రశాసనం, చోళ పరాంతకుడి తామ్రశాసనం ఇక్కడ దొరకడంతో ఆ పేరు చరిత్రకారులకు తెలిసింది. తెలుగువారు ఆ ఊరిని మరో కారణంగా కూడా గుర్తుంచుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వాన్ని నడిపిన బొల్లిని మునుస్వామి నాయుడు 1885లో పుట్టింది ఇక్కడే. న్యాయవాదిగా చిత్తూరులో పేరు తెచ్చుకున్నారు, జిల్లా బోర్డుకు అధ్యక్షులయ్యారు. 1928లో పానగల్ రాజా మరణించాక జస్టిస్ పార్టీ పగ్గాలు ఆయన చేతికి వచ్చాయి. పార్టీ గెలిచిన తర్వాత 1930 అక్టోబరు 27న ప్రభుత్వాధిపతి అయ్యారు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న కాలం అది. పంట ధరలు పడిపోయి రైతు కుదేలయ్యాడు, ఖజానా అడుగంటింది. జమీందార్ల ప్రాబల్యం ఉన్న పార్టీలో వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన నాయకుడు నిలదొక్కుకోవడం కష్టమైంది. సొంత పార్టీలోనే జమీందారీ వర్గం తిరగబడడంతో 1932 నవంబరులో పదవి వదిలారు. ఆయన స్థానంలోకి బొబ్బిలి రాజా వచ్చారు. మునుస్వామి నాయుడు 1935లో, యాభై ఏళ్లకే, మరణించారు.

తిరుత్తణి చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఉమ్మడి జ్ఞాపకం సరిహద్దు పోరాటం. మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో 58 రోజులు నిరాహారదీక్ష చేసిన పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణాలు విడిచారు. మరుసటి ఏడాది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. చిత్తూరు జిల్లా అందులోకి రావడంతో తిరుత్తణి, పళ్లిపట్టు తమవేనని తమిళులు ఉద్యమించారు. తమిళరసు కళగం స్థాపకుడు మ.పొ. శివజ్ఞానం దానికి నాయకుడు. హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిత్వం ఆధారంగా 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టం చేసింది. తిరుత్తణి తాలూకా మద్రాసుకు వెళ్లింది. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల్లోని గ్రామాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి, నేటి సత్యవేడు ప్రాంతం అలా ఏర్పడింది. శివజ్ఞానం 1995 వరకు జీవించారు. పొట్టి శ్రీరాములుకు మైలాపూరులో దీక్ష చేసిన చోటే స్మారకం ఉంది. ఒకరిని తెలుగువారు, మరొకరిని తమిళులు తలచుకుంటారు. ఇద్దరి పోరాటాల ఫలితం మాత్రం ఒకే సరిహద్దు రేఖలో కనిపిస్తుంది.

దక్షిణ పాయ మీది ముఖ్యమైన చోటు తక్కోలం. 949లో ఇక్కడ చోళులకూ రాష్ట్రకూటులకూ పెద్ద యుద్ధం జరిగింది. మూడో కృష్ణుడి పక్షాన గాంగ రాజు బూతుగుడు పోరాడాడు. చోళ యువరాజు రాజాదిత్యుడు ఏనుగు మీదే నేలకొరిగాడు. చోళ శాసనాలు అతణ్ని ఏనుగు మీద నిద్రించిన దేవరగా పేర్కొంటాయి. రాజు మరణించిన చోట గానీ, అస్థికలు ఉంచిన చోట గానీ శివాలయం కట్టించడం చోళుల ఆచారం. దాన్ని పళ్లిప్పడై అంటారు. శ్రీకాళహస్తి దగ్గరి తొండమనాడులో మొదటి ఆదిత్యుడి కోసం పరాంతకుడు కట్టించిన గుడి అలాంటిదే. దహనం చేసే సమాజంలో పాలకుడికి శాశ్వతమైన గుర్తు ఎలా ఉంచాలన్న ప్రశ్నకు ఆ కాలం ఇచ్చిన సమాధానం అది.

తక్కోలానికి దగ్గరలోనే కేశవరం ఆనకట్ట ఉంది. ఇక్కడ కొంత నీరు కూవం నదిలోకి మళ్లి, తిరువళ్లూరు జిల్లాను దాటి చెన్నైలోకి వెళ్తుంది. ఆ దారిలో పూందమల్లి దగ్గర నజరత్‌పేట వస్తుంది. ఎం. భక్తవత్సలం 1897లో ఇక్కడ జన్మించారు. 1937లో తిరువళ్లూరు నుంచి శాసనసభకు గెలిచారు, 1963 నుంచి 1967 వరకు ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఆ నాలుగేళ్లలో భారత రాష్ట్రపతి, మద్రాసు ముఖ్యమంత్రి ఇద్దరూ నేటి తిరువళ్లూరు జిల్లాలో పుట్టినవారే. భక్తవత్సలానికి గిండీలో రాజాజీ, కామరాజ్‌ల సరసన స్మారకం ఉంది.

కూవం నేపియర్ వంతెన దాటి సముద్రంలో కలుస్తుంది. అక్కడికి దక్షిణంగా మెరీనా ఒడ్డున ముఖ్యమంత్రుల సమాధులు ఉన్నాయి. సి.ఎన్. అన్నాదురై 1969 ఫిబ్రవరి 3న మరణించారు. రాష్ట్రానికి తమిళనాడు అన్న పేరు అమల్లోకి వచ్చి అప్పటికి మూడు వారాలే. 1987లో ఎం.జి. రామచంద్రన్, 2016లో జయలలిత, 2018లో ఎం. కరుణానిధి అక్కడే ఖననమయ్యారు. కరుణానిధికి అక్కడ చోటు మద్రాసు హైకోర్టు తీర్పుతో దక్కింది. అన్నాదురైకి గురువైన పెరియార్ సమాధి వేపేరిలో ఉంది. వైదిక కర్మకాండను తోసిపుచ్చిన ద్రావిడ ఉద్యమ నేపథ్యం వీటి వెనుక ఉంది. అభిమానులు వచ్చి మొక్కే చోటు కావాలన్న రాజకీయ అవసరమూ ఉంది.

ప్రధాన నది మాత్రం పూండికి వస్తుంది. ఇక్కడి జలాశయం పేరు సత్యమూర్తి సాగర్. కాంగ్రెస్ నేత ఎస్. సత్యమూర్తి 1939లో మద్రాసు మేయర్ అయ్యే నాటికి నగరం గుక్కెడు నీళ్లకు ఎర్రకొండల చెరువు మీదే ఆధారపడి ఉంది. ప్రపంచ యుద్ధం మొదలై ఖర్చులన్నిటికీ కోత పడుతున్న కాలంలో ఆయన బ్రిటిష్ ప్రభుత్వాన్ని ఒప్పించి 1940లో పూండి పనులు మొదలుపెట్టించారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయ్యారు. అమరావతి జైలుకు తరలించేటప్పుడు వెన్నెముకకు దెబ్బ తగిలింది, దాన్నుంచి ఆయన కోలుకోలేదు. 1943 మార్చి 28న మరణించారు. జలాశయం 1944లో పూర్తయింది. ఆయన శిష్యుడు కామరాజ్ దానికి గురువు పేరు పెట్టారు. ప్రస్తుతం దాని సామర్థ్యం 3.231 టీఎంసీలు.

ఆ నీరు కూడా చాలక నగరం కృష్ణా నది వైపు చూసింది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. దారి నష్టం పోగా సరిహద్దు దగ్గర చేరవలసింది 12 టీఎంసీలు. 1983 ఏప్రిల్ 18న ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వాల మధ్య తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. కండలేరు నుంచి పూండి దాకా 177 కిలోమీటర్ల కాలువలో 152 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. ఊత్తుకోట దగ్గర కాలువ తమిళనాడులోకి వస్తుంది. రాయలసీమ, నెల్లూరు పొలాలకు నీరిస్తూ వచ్చే ఈ ధార 1996 సెప్టెంబరులో మొదటిసారి పూండిని చేరింది. ఎంజీఆర్ చనిపోయి అప్పటికి దాదాపు తొమ్మిదేళ్లు. ఎన్టీఆర్ అదే ఏడాది జనవరి 18న కన్నుమూశారు, ఆయన ఘాట్ హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉంది. ఈ కాలువ గట్లు కోసుకుపోయి నీరు వృథా అవుతుంటే, తర్వాత సత్యసాయి ట్రస్టు సొమ్ముతో బాగుచేశారు. అందుకే దీనికి సత్యసాయి గంగ అన్న పేరూ వచ్చింది. పూండి కోసం పాటుపడిన సత్యమూర్తి గానీ, కృష్ణా నీటి కోసం చేతులు కలిపిన ఇద్దరు ముఖ్యమంత్రులు గానీ ఆ నీరు వచ్చిన రోజును చూడలేదు. ప్రజాజీవితంలో మంచి పని ఫలితం తరచు చేసినవారి ఆయుష్షును దాటుతుంది. దాహం తీర్చిన పనికి సమాధి కంటే ఎక్కువ కాలం నిలిచే గుణం ఉందని పూండి రుజువు చేస్తోంది.

పూండి దిగువన తామరైపాక్కం, వల్లూరు ఆనకట్టలు దాటి నది ఎన్నూరు కయ్యలో కలుస్తుంది. అక్కడి నుంచి బకింగ్‌హామ్ కాలువ ఉత్తరానికి, తెలుగువారు ప్రళయకావేరి అనే పులికాట్ సరస్సుకు, దారి తీస్తుంది. తిరువళ్లూరు జిల్లాలో పాలకవర్గపు సమాధులు శ్మశానంగా మిగిలిన చోటు సరస్సు ఒడ్డున ఉన్న పళవేర్కాడే. విజయనగర రాజు వెంకటపతి రాయల అనుమతితో 17వ శతాబ్ది తొలి ఏళ్లలో డచ్చివారు ఇక్కడ దిగారు. 1613లో గెల్డ్రియా కోటను వెమ్మర్ వాన్ బెర్చెం కట్టించాడు. హాలండులోని తన సొంత రాష్ట్రం పేరే కోటకు పెట్టాడు. కోరమాండల్ తీరమంతటా ఉన్న డచ్ వర్తక స్థావరాలకు ఇది రాజధాని. మచిలీపట్నం మీద కూడా ఇక్కడి గవర్నరు మాటే చెల్లేది. 1690లో రాజధాని నాగపట్నానికి మారింది. 1781లో ఆ పట్నం ఆంగ్లేయుల వశమైనాక మళ్లీ పళవేర్కాడుకు వచ్చింది. 1825లో పళవేర్కాడునూ ఆంగ్లేయులకు అప్పగించారు.

కోట కూలిపోయింది, శ్మశానం నిలిచింది. ద్వారానికి ఇరువైపులా రాతి అస్థిపంజరాలు చెక్కి ఉన్నాయి. లోపల డచ్ భాషలో పేరు, హోదా, మరణ తేదీ చెక్కిన ఫలకాలు, వాటిపై వంశచిహ్నాలు కనిపిస్తాయి. ఇక్కడ ఉన్నది కంపెనీ అధికారులు, వర్తకులు, వారి కుటుంబాలు. వీరెవరినీ స్థానిక ప్రజలు ఎన్నుకోలేదు. అయినా ఈ తీరంలో పన్నులు, రేవులు, వర్తకం నడిపింది వీరే. భారత పురావస్తు సర్వే శాఖ దీన్ని రక్షిత స్థలంగా చూసుకుంటోంది.

ఈ జిల్లాలోనూ దాని చుట్టుపక్కలా రాజ్యాధికారానికి నాలుగు రకాల గుర్తులు ఉన్నాయి: చోళులకు గుడి, డచ్చివారికి రాతి ఫలకం, ద్రావిడ నేతలకు సముద్రపు ఒడ్డున సమాధి, కాంగ్రెస్ మేయర్‌కు జలాశయం. వీటికి తోడు మునుస్వామి నాయుడి పేరు తిరుత్తణి చుట్టుపక్కల తెలుగు పిల్లల పాఠాల్లో కూడా చేరాలి. తమ పల్లె నుంచి వెళ్లి మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన మనిషి ఒకరున్నారని వారికి తెలియాలి.