ఫోర్డు ర్యాకు, జీఎం పంపు, మధ్యలో ఓ పెద్దాయన

ముందే చెప్పేస్తున్నా, పాత కార్ల పిచ్చి నాకు లేదు. నా కారు జపాను వాళ్ళది. బానెట్ ఎత్తి లోపల ఏముందో చూసిన పాపాన పోలేదు. కానీ డెట్రాయిట్ చుట్టుపక్కల కాపురముంటే ఈ జబ్బు గాలికైనా అంటుకుంటుంది. ఇక్కడ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1995 నుంచీ ప్రతి ఆగస్టులో డ్రీమ్ క్రూజ్ అని పాత కార్ల ఊరేగింపు ఒకటి జరుగుతుంది. మన తిరణాల లాంటిదే, రంగులరాట్నం బదులు ఇంజన్ల రొద.

కాంటన్‌లో మా పక్కింటి పెద్దాయనకి 1940 నాటి ఫోర్డు కూపే ఉంది. ఫోర్డు అని పేరే గానీ, ఫోర్డు వాళ్ళు ఆ ఏడాది పెట్టిన వాటిల్లో మిగిలింది పైన రేకు ఒక్కటే. ఇంజను షెవర్లే 350, అంటే జీఎం. ముందు చక్రాల సస్పెన్షను, స్టీరింగ్ ర్యాకూ 1974-78 మధ్య ఫోర్డు అమ్మిన మస్టాంగ్ 2 నమూనావి. ఇరుకు చోట్లో ఇమిడిపోతాయని ఇలాంటి బళ్ళు కట్టుకునేవాళ్ళు దశాబ్దాలుగా వాటినే వాడుతున్నారు. ఇక స్టీరింగ్‌కి నూనె తోసే పంపు మళ్ళీ జీఎం వాళ్ళ సాగినా రకం. ఫోర్డు వారింట్లో జీఎం వారి ఇల్లరికపు అల్లుళ్ళన్నమాట.

మొదట్లో దానికి పవర్ స్టీరింగ్ లేదు. ఆయన భుజానికి ఆపరేషన్ అయ్యాక తిప్పడం కష్టమై, బండి కట్టిన షాపులోనే పవర్ ర్యాకూ పంపూ పెట్టించాడు. అక్కడ మొదలైంది గోల. పార్కింగ్ లాటులో చిటికెన వేలితో తిరిగేది. ఐ-275 ఎక్కి 60 మైళ్ళ వేగం అందుకుంటే మాత్రం తుమ్మితే లేను మారిపోయేది. ఓ రోజు పక్కన ట్రక్కు వెళ్తుండగా అలాగే అయిందిట. ఇంటికొచ్చి దిగుతూనే వాళ్ళావిడ, "నేనిక దీంట్లో ఎక్కను, అమ్మేసెయ్" అని చెప్పేసింది. పవర్ పీకేస్తే భుజం ఊరుకోదు, ఉంచితే ప్రాణం దక్కదు.

షాపువాళ్ళు ర్యాకు పాడన్నారు, మార్చారు. అదే వరస. ఇంకోటి మార్చారు. మళ్ళీ అదే. ర్యాకు అమ్మినవాళ్ళు ర్యాకు నిక్షేపంగా ఉందన్నారు. పంపు అమ్మినవాళ్ళు ప్రెషర్ సరిగ్గా ఉందన్నారు. అలైన్‌మెంటు చేసినవాళ్ళు అన్ని గళ్ళూ పచ్చగా ఉన్న ప్రింటవుట్ చేతిలో పెట్టారు. మనకి ఇది తెలియని కథా? అన్ని టికెట్లూ క్లోజ్డ్, కస్టమరు మాత్రం రోడ్డు మీద. ఒకటి గమనించండి, వాళ్ళలో ఎవ్వరూ అబద్ధం చెప్పలేదు.

"నువ్వు కంప్యూటర్ల వాడివి కదా, ఓసారి చూడు" అని ఆయన నన్ను పిలిచాడు. ఆయన జన్మంతా టూల్ అండ్ డై పనిచేసిన మనిషి, పానాలు పట్టుకోవడం ఆయన వంతు. ప్రశ్నలు అడగడం నా వంతు. అడిగింది ఒక్కటే: తప్పు నూనె వైపా, ఇనుము వైపా?

అది తేల్చడానికి దమ్మిడీ ఖర్చు లేదు. పంపు బెల్టు తీసేస్తే చాలు. ఆ ఇంజనుకి దాని బెల్టు విడిగా ఉంటుంది, నీళ్ళ పంపూ ఆల్టర్నేటరూ మామూలుగానే తిరుగుతాయి. (మీ కార్లకి ఈ ప్రయోగం చెయ్యకండి. చాలావాటికి అన్నీ తిప్పేది ఒకే బెల్టు, కొత్తవాటిల్లో స్టీరింగ్ కరెంటుదే.) ఆదివారం పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఆయన భుజంతో కాని పని గనక, నేనే తోలాను. మూల మలుపుల్లో చిన్నప్పటి ఆర్టీసీ బస్సు డ్రైవర్లు గుర్తొచ్చారు, సీట్లోంచి సగం లేచి ఒళ్ళంతా వేసి తిప్పేవాళ్ళు. వాళ్ళ అవస్థ చూసే కాబోలు, ట్రక్కుల కంపెనీలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లోనే పవర్ స్టీరింగ్ చేసి చూపించాడు. అమ్మకానికి పెట్టిన కార్లో అది రావడానికి మాత్రం 1951 క్రైస్లర్ ఇంపీరియల్ దాకా పట్టింది.

ఇంతకీ బెల్టు లేకుండా 60 మైళ్ళ మీద ఆ కూపే రైలు పట్టాలెక్కినట్టు తిన్నగా పోయింది. కాకపోతే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడానికి బద్ధకించింది. దాని సంగతి తర్వాత. తప్పు మటుకు నూనె వైపే.

ఇక్కడ పాత కార్ల వాళ్ళందరూ చెప్పే చిట్కా ఒకటుంది: సాగినా పంపు ప్రెషర్ మస్టాంగ్ ర్యాకుకి ఎక్కువ, పంపు వాల్వులో సన్నటి వాషర్లు పెట్టి తగ్గించు అని. నాకిది మింగుడుపడలేదు. ఆ వాషర్లు తగ్గించేది గరిష్ఠ ప్రెషర్ని. పంపు ఆ గరిష్ఠానికి చేరేది స్టీరింగ్ చివరిదాకా తిప్పి పట్టుకున్నప్పుడో, ఆగివున్న బండి చక్రాలు తిప్పినప్పుడో. హైవే మీద తిన్నగా పోతున్న బండి ఆ ఛాయలకే వెళ్ళదు. మేము గేజి పెట్టి చూస్తే, స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు 100 పీఎస్ఐ దరిదాపుల్లోనే ఉంది. పంపు సత్తా 1,200 పైమాటే. ఎప్పుడూ చేరని లిమిట్‌ని తగ్గించి ఏం లాభం? (ర్యాకు సీళ్ళ క్షేమానికి తగ్గించడం మంచిదే, అది వేరే విషయం.)

అసలు కీలకం ప్రెషర్ కాదు, ప్రవాహం. స్టీరింగ్ కాస్త తిప్పగానే ర్యాకు తలలో ఉన్న సన్నటి ఉక్కు కడ్డీ మెలిపడి, వాల్వు దారిని ఇరుకు చేస్తుంది. ఆ ఇరుకులోంచి నూనె తోసుకుపోవడం వల్లే ప్రెషర్ పుడుతుంది, అదే మనకి సాయం. ఇరుకు ఒకటే అయినప్పుడు, పుట్టే ప్రెషర్ ప్రవాహం వర్గానికి అనులోమంగా ఉంటుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్సే. ఆ ర్యాకుకి సరిపోయేది నిమిషానికి సుమారు 2 గ్యాలన్లు. పెద్ద పెద్ద కార్ల బరువైన గేరుబాక్సుల కోసం చేసిన సాగినా పంపు ఇచ్చేది సుమారు 3. ఒకటిన్నర రెట్ల ప్రవాహం, అంటే రెండుంపావు రెట్ల సాయం, అంతే మెలికకి! మనం వేలు కదిపితే అది చెయ్యి విసురుతుంది. పంపు మంచిదే, ర్యాకు మంచిదే. వాటి మధ్య ఏం మాట్లాడుకోవాలో రాసిన కాగితమే ఎవరి దగ్గరా లేదు.

మందు కూడా చిన్నదే. పంపు నుంచి వెళ్ళే గొట్టంలో ఒక బైపాస్ వాల్వు పెట్టాం. స్క్రూ తిప్పినకొద్దీ కొంత నూనె ర్యాకుకి వెళ్ళకుండా తిరిగి పంపు తొట్టిలోకి పోతుంది. తర్వాత ముందు చక్రాలు గాల్లోకి లేపి, ఇంజను ఆపి, ఈ చివర నుంచి ఆ చివరికి ఓ ఇరవైసార్లు తిప్పి లోపలి గాలంతా పోగొట్టాం. ఇది బద్ధకిస్తే నూనె నురగకట్టి పంపు మూలుగుతుంది, అప్పుడు కొత్త రోగమేమో అని కంగారుపడాలి. స్క్రూ ఎక్కడ ఉంచాలన్నదానికి మాత్రం మనకు తెలిసిన బైనరీ సెర్చే. సగానికి తిప్పు, హైవే ఎక్కు, దిగు, మిగిలినదాంట్లో సగం. నాలుగు రౌండ్లలో తేలింది :)

అది కుదిరాక బద్ధకం సంగతి చూశాం. ప్రింటవుట్‌లో క్యాస్టర్ 1 డిగ్రీ. సైకిలు ముందు ఫోర్కు వాలుగా ఉంటుంది చూడండి, ఆ వాలు లాంటిది. అది ఎంత ఉంటే చక్రం అంతగా తిన్నగా నిలవాలని చూస్తుంది, తిప్పడమూ అంత బరువవుతుంది. పవర్ లేని రోజుల్లో తేలిగ్గా తిరగాలని 1 పెట్టారు, అప్పటికది సబబే. పవర్ వచ్చాక 3 నుంచి 5 దాకా ఉండాలి. మిషను మాత్రం పాత లెక్కతో పోల్చుకుని పచ్చరంగు చూపిస్తూనే ఉంది! 4కి పెట్టించాం.

ఇప్పుడు పార్కింగ్‌లో చిటికెన వేలు చాలదు, అరచెయ్యి కావాలి. భుజం దానికి ఒప్పుకునేదాకా స్క్రూ ఓ పావు చుట్టు వెనక్కి తిప్పుకున్నాడు పెద్దాయన. హైవే మీద మరీ నా అంత కచ్చితం అక్కర్లేదన్నాడు, అది ఆయన ఇష్టం.

ఆగస్టులో ముగ్గురం ఇరుక్కుని వుడ్‌వర్డ్‌కి వెళ్ళాం. అక్కడ పది మైళ్ళ వేగం దాటే ప్రసక్తే లేదు, ఆ నత్తనడకలో ఏ స్టీరింగయినా ఒకటే. రాత్రి తిరిగొచ్చేటప్పుడు ఐ-275 మీద పక్కనుంచి ట్రక్కులు దూసుకుపోతుంటే నేను ఓరకంట ఆవిణ్ణి చూశాను. హాయిగా నిద్రపోతోంది.